నేను కట్టించుకున్న డీజిల్ ట్రక్కును అమ్మిన వైనం: నా అనుభవం

ఫ్యాక్టరీలో తయారైన బండిని అమ్మడం వేరు, మనం కట్టించుకున్న బండిని అమ్మడం వేరు. మొదటిదానికి సంవత్సరం, మోడల్, తిరిగిన మైళ్లు చెబితే చాలు, ధర దానంతట అదే తేలుతుంది. రెండోదానికి ఏ ధరల పట్టికలోనూ చోటుండదు. 2025 చివర్లో ఉత్తర టెక్సస్‌లో నా ట్రక్కును అమ్మకానికి పెట్టినప్పుడు ఈ తేడా అడుగడుగునా తెలిసివచ్చింది. ఇలాంటి బండి చేతిలో ఉన్నవాళ్లకు, కొనాలని చూస్తున్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. ఛాసిస్ 1997 నాటి ఫోర్డ్ ఎఫ్-సూపర్ డ్యూటీ. చూడటానికి ఆ కాలపు ఎఫ్-350 లాగే ఉంటుంది గాని, దానికంటే ఒక మెట్టు పైది. సరుకుతో సహా బండి మొత్తం బరువు 15,000 పౌండ్ల వరకు ఉండవచ్చని తలుపు పక్కన అంటించిన కంపెనీ చీటీలో ఉంది. దాన్నే జీవీడబ్ల్యూఆర్ అంటారు. నాలుగు మూలలా డిస్కు బ్రేకులు, వెనుక జంట టైర్లు, డానా 80 అనే దిట్టమైన వెనుక యాక్సిల్. నేను కొనేనాటికి అందులోని 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజిన్ అరిగిపోయి ఉంది. దాన్ని దింపించి, ప్రమాదంలో నుజ్జయిన ఒక డాడ్జ్ రామ్ నుంచి తీసిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిన్ ఎక్కించాను. ఆరు సిలిండర్లు, 12 వాల్వులు. ఇదీ 1997దే.

ఎందుకు ఆ ఇంజినే అని చాలామంది అడిగారు. డాడ్జ్ పికప్‌లలోకి కమిన్స్ వచ్చింది 1989 మోడల్‌తో. 1994 నుంచి 1998 దాకా వచ్చిన 12 వాల్వుల ఇంజిన్లలో బాష్ పీ7100 అనే ఇంధన పంపు ఉంటుంది. పూర్తిగా యాంత్రికమైన పంపు అది. ఇంధనాన్ని ఆపే సొలినాయిడ్‌కు ఒక్క వైరు ద్వారా కరెంటు అందిందంటే ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ల గొడవ లేదు. పొలం మధ్యలో ఆగిపోతే స్పానర్లతోనే బాగుచేసుకోవచ్చు. మాన్యువల్ గేర్ల డాడ్జ్‌లో ఈ ఇంజిన్ 215 హార్స్‌పవర్, 440 పౌండ్-అడుగుల టార్క్ ఇచ్చేది. మేము దాన్ని కాస్త పెంచి, చక్రాల దగ్గర 290 హార్స్‌పవర్‌తో ఆపేశాం. ఇంకా పెంచడం ఏమంత కష్టం కాదు. కానీ నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి 1,250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదన్నది నా షరతు. దాటితే పిస్టన్లకూ టర్బోకూ ముప్పు.

దానికి డాడ్జ్ నుంచే తెచ్చిన ఎన్‌వీ5600 ఆరు గేర్ల పెట్టె, రెండు పలకల క్లచ్, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ బయటికి పోయే దారిని బిగించి ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది), అది పనిచేయడానికి కావలసిన గట్టి వాల్వు స్ప్రింగులు. వెనుక తొట్టిని వెల్డర్ చేత ఉక్కుతో కట్టించాను. తొట్టి నేలలో, వెనుక యాక్సిల్‌కు కాస్త ముందుగా, గూస్‌నెక్ ట్రైలర్‌ను (బాతు మెడలా వంగి తొట్టిలోకి వచ్చే ముందుభాగం ఉన్నది) తగిలించే ఉక్కు బంతి ఉంటుంది. ట్రాక్టరు, పశువుల ట్రైలర్, ఎండుగడ్డి చుట్టలు లాగడానికి ఇన్నేళ్లూ ఇదే నా బండి. పశువులను అమ్మేసి భూమిని కౌలుకిచ్చాక దానికి పని లేకుండా పోయింది. బరువు లాగడానికి పుట్టిన డీజిల్ బండిని షెడ్డులో నిలబెట్టి ఉంచితే సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో నీరు చేరుతుంది. పని ఉన్నవాళ్ల దగ్గరకు పంపడమే న్యాయమనిపించింది.

మా బావమరిది మొదటే ఒక సలహా ఇచ్చాడు. "ముక్కలుగా అమ్మేయండి బావా. ఇంజిన్‌కు ఒకరు, గేరుబాక్సుకు ఒకరు ఎగబడి వస్తారు. మొత్తంగా అమ్మితే ఇంత డబ్బు రాదు." అతని లెక్క నిజమే. యాంత్రిక పంపున్న 12 వాల్వుల కమిన్స్‌కు ఇప్పటికీ గిరాకీ ఉంది. ఎన్‌వీ5600 తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి బాగున్న పెట్టె దొరికితే జనం వదలరు. కానీ ఇంజిన్ మౌంట్ల నుంచి డ్రైవ్ షాఫ్ట్ పొడవు దాకా అన్నీ ఒకదానికొకటి కుదిరేలా కొలిచి కట్టిన బండి అది. విడదీస్తే మిగిలేది వట్టి సామాను. అందుకు నా మనసు ఒప్పలేదు. దానికి వెచ్చించిన డబ్బు, భాగాలకూ కూలికీ కలిపి 40 వేల డాలర్ల పైమాటే. అంతా తిరిగి రాదని తెలుసు. కట్టించిన బండి ఏదైనా అంతే. యజమాని తన అవసరానికి పెట్టిన ఖర్చును కొనేవాడు తన అవసరంతోనే తూస్తాడు.

ధర ఎంత పెట్టాలో తేల్చడానికి ముందు ఒక డీలరు దగ్గరకు వెళ్లాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. విన్ నంబరు, అంటే కంపెనీ ప్రతి బండికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, కంప్యూటర్‌లో కొట్టింది. 1997 ఫోర్డ్, 7.3 డీజిల్, వాణిజ్య వాహనం అని వచ్చింది. ఇంజిన్ మార్చామని చెప్పినా, ఆ మాట నింపడానికి తెరమీద గడి లేదు. వాళ్లు ఇస్తామన్న ధర నా గేరుబాక్సు ఖరీదు కంటే కొంచెమే ఎక్కువ. వాళ్ల తప్పేమీ లేదు. అలాంటి బండిని తిరిగి అమ్మేటప్పుడు పూచీ ఎవరిస్తారు? అప్పుడే నిశ్చయించుకున్నాను, దీన్ని తెలిసినవాళ్లకే, నేరుగా అమ్మాలని.

అసలు పని అక్కడ మొదలైంది. ఇలాంటి బండికి ఫోటోల కంటే ముఖ్యమైనది ఒక పుస్తకం. నా దగ్గర నల్ల అట్టల నోటుపుస్తకం ఒకటి ఉంది. బండి కట్టిన మెకానిక్ మొదటి రోజునుంచీ రాయించాడు. విన్‌లో ఎనిమిదో అక్షరం 'ఎఫ్'. అంటే ఈ బండిలో పవర్ స్ట్రోక్ ఉందని అర్థం. విడిభాగాల దుకాణంలో ఆ నంబరు చెబితే బండిలో లేని ఇంజిన్ ఫిల్టరే చేతికొస్తుంది. అందుకే ప్రతి భాగం ఏ బండిదో అందులో రాసి ఉంటుంది. వాటర్ పంపు: 1997 డాడ్జ్ రామ్, 5.9 డీజిల్. ముందు బ్రేకు ప్యాడ్లు: 1997 ఎఫ్-సూపర్ డ్యూటీ, ఎఫ్-350 కాదు. ఆల్టర్నేటరు బిగింపు మార్చడం వల్ల బెల్టు కంపెనీ కొలతకు సరిపోదు, కాబట్టి దాని నంబరు విడిగా ఎర్ర సిరాతో. రేడియేటర్ పై గొట్టం రెండు వేర్వేరు బండ్ల గొట్టాలను కోసి మధ్యలో లోహపు గొట్టంతో కలిపింది. రెండింటి నంబర్లూ, ఎక్కడ ఎంత కోయాలో అంగుళాల్లో బొమ్మ గీసి ఉంది. స్టీరింగ్ పంపు నుంచి బ్రేకులకు వెళ్లే ఒత్తిడి గొట్టాలు హైడ్రాలిక్ షాపులో చేయించినవి. వాటి పొడవులు, చివరల సైజులు ఉన్నాయి. వైరింగ్ చిత్రం వేరే కాగితాల మీద గీసి, నూనె చేతులతో పట్టుకున్నా చెడకుండా లామినేట్ చేయించాను.

ఆ పుస్తకానికి తోడు రసీదులను తేదీల వరుసలో పెట్టాను. కట్టేటప్పుడు తీసిన ఫోటోల్లో ఒకదాన్ని పెద్దగా ముద్రించి పెట్టాను. ఈ ఇంజిన్ గురించి తెలిసినవాళ్లు మొదట అడిగేది టైమింగ్ గేర్ల పెట్టెలోని చిన్న ఉక్కు పిన్ను సంగతి. అది కదిలి గేర్ల మధ్య పడితే ఇంజిన్ పోయినట్టే. దాన్ని కదలకుండా రేకు బిగించి ఆపుతారు. ముందు మూత తీస్తే తప్ప కనబడదు. కాబట్టి మూత తీసిన రోజున తీసిన ఫోటోయే దానికి సాక్ష్యం. ఆ ఒక్క ఫోటో చూపించగానే ఎంతమంది ముఖాల్లో అనుమానం తొలగిపోయిందో! ఇంజిన్ ఆయిల్ నమూనాను ల్యాబ్‌కు పంపి తెప్పించిన నివేదిక కూడా జతచేశాను. ఆయిల్‌లో ఇంధనం కలుస్తోందా, లోహపు రజను ఎంత ఉంది, కూలెంటు చేరుతోందా అన్నది అందులో తెలుస్తుంది. ఇందుకయ్యే ఖర్చు తక్కువ, అది తెచ్చే నమ్మకం ఎక్కువ.

తర్వాత బరువు. ట్యాంకులు నింపి, నేను కూర్చుని, ట్రైలర్ లేకుండా హైవే పక్కన ట్రక్కుల ఆగుస్థలంలోని క్యాట్ స్కేల్ అనే బండ్ల తూకపు యంత్రం మీద తూయించాను. 8,600 పౌండ్లు. చీటీలో ఉన్న 15,000 నుంచి తీసేస్తే 6,400 మిగులుతుంది. గూస్‌నెక్ ట్రైలర్ బరువులో 20 నుంచి 25 శాతం దాకా బండి మీద పడుతుంది. 16,000 పౌండ్ల ట్రైలర్ తగిలిస్తే 3,200 నుంచి 4,000. హాయిగా సరిపోతుంది. ఈ లెక్కను ప్రకటనలోనే రాశాను. ఎందుకంటే "నా పికప్ ముప్పై వేల పౌండ్లు లాగుతుంది" అనే మాటలు చాలా వింటుంటాం. లాగుతుందేమో. లాగడం ఇంజిన్ పని. ఆపడం, మోయడం, తిప్పడం ఛాసిస్ పని. స్ప్రింగులు పెంచినా, వాటికి తోడు గాలి తిత్తులు బిగించినా తలుపు మీది చీటీలో అంకె మారదు. ప్రమాదం జరిగాక లాయర్లు అడిగేది ఆ అంకెనే. నేను పాత ఎఫ్-350ని కాదని ఈ ఛాసిస్‌ను వెతికి కొన్నది ఆ చీటీ కోసం, ఆ బ్రేకుల కోసమే.

ప్రకటనలో మొదటి పేరాలోనే బండి దేనికి పనికిరాదో రాశాను. వెనుక యాక్సిల్ నిష్పత్తి 4.63 కాబట్టి ఆరో గేరులో 65 మైళ్ల వేగానికే ఇంజిన్ సుమారు 2,400 ఆర్‌పీఎం తిరుగుతుంది. హైవే మీద 75లో దూసుకుపోవాలనుకునేవారికి ఇది కాదు. లోపల చప్పుడు ఎక్కువ. క్లచ్ గట్టిది, రోజూ ఆఫీసుకు ట్రాఫిక్‌లో నడిపితే ఎడమ మోకాలు అరుస్తుంది. ఎయిర్‌బ్యాగు లేదు. ఫోర్-వీల్ డ్రైవ్ కాదు. ఛాసిస్ తిరిగిన మైళ్లు వేరు, ఇంజిన్ తిరిగిన మైళ్లు వేరు. రెండూ విడివిడిగా రాశాను. ఫెడరల్ నిబంధన ప్రకారం 2010, అంతకుముందు మోడళ్లకు ఓడోమీటరు ప్రకటన తప్పనిసరి కాదు. కానీ అడిగేవారికి ఆ రెండు అంకెలు కావాలి, చెప్పడం మన ధర్మం.

ఫోన్లు మొదలయ్యాయి. కుర్రాళ్ల మొదటి ప్రశ్న నల్లపొగ ఎంత వస్తుందని. రాదని చెబితే నిరుత్సాహపడ్డారు. ఇంకొంతమంది తమ పడవో మోటారు సైకిలో ఇస్తామని మార్పిడికి వచ్చారు. "డిలీట్ చేసిందా?" అని చాలామంది అడిగారు. 2007 తర్వాత వచ్చిన డీజిల్ పికప్‌లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దాన్ని పీకేయడాన్నే డిలీట్ అంటారు. ఫెడరల్ స్వచ్ఛ వాయు చట్టానికి అది విరుద్ధం. నా బండి ఆ కాలానికి ముందుది, పీకడానికి అందులో ఆ ఫిల్టరే లేదు. ఇంజిన్ మార్చేటప్పుడు ఛాసిస్ కంటే పాతది పెట్టకూడదని ముందే చూసుకున్నాను కాబట్టి రెండూ 1997వి. కాలిఫోర్నియా నుంచి కూడా ఒకాయన అడిగాడు.  బండిని చూడకుండానే కొంటానన్నాడు, నేను ఒప్పుకోలేదు.

నేను ప్రతి ఒక్కరినీ తిరిగి అడిగింది ఒక్కటే: మీ దగ్గర ఏ లైసెన్సు ఉంది, ఏం లాగుతారు? టెక్సస్‌లో బండి, ట్రైలర్ రెండింటి కంపెనీ బరువు పరిమితులు కలిపి 26,001 పౌండ్లు, ఆపైన ఉండి, ట్రైలర్‌ది 10,000 దాటితే, సొంత పనికైనా మామూలు క్లాస్ సీ లైసెన్సు చాలదు, క్లాస్ ఏ కావాలి. నా బండి 15,000, ట్రైలర్ 16,000, మొత్తం 31,000. అందుకే నేను వాణిజ్యేతర క్లాస్ ఏ పరీక్ష రాసి తీసుకున్నాను. ఈ విషయం ఫోనులో చెబితే చాలామంది ఆశ్చర్యపోయారు, కొందరు చిరాకుపడ్డారు. చిరాకుపడ్డవారిని నేను మళ్లీ పిలవలేదు. ఆ బండిని రోడ్డెక్కించేది నేనే కదా. దాని ముందు ఎర్ర దీపం దగ్గర ఎవరో పిల్లలతో ఆగి ఉంటారు.

మోసగాళ్లు కూడా వచ్చారు. వాళ్ల పద్ధతులు ఇప్పుడు అందరికీ తెలిసినవే అయినా మళ్లీ చెప్పుకోవాలి. ఒకరు బండి చరిత్ర నివేదిక ఫలానా సైటులోనే కొని పంపమన్నారు. మన కార్డు వివరాల కోసం వేసే వల అది. ఇంకొకరు ధర కంటే ఎక్కువ మొత్తానికి క్యాషియర్ చెక్కు పంపుతామని, మిగిలింది బండి తీసుకెళ్లే రవాణా మనిషికి ఇవ్వమని అన్నారు. నకిలీ క్యాషియర్ చెక్కు వేసిన మర్నాడే ఖాతాలో డబ్బు చూపిస్తుంది. అది బోగస్ అని తేలడానికి వారాలు పడుతుంది. ఈలోగా మనం ఇచ్చిన డబ్బు ఎటో వెళ్లిపోతుంది. మాట కలపకుండా వదిలేశాను.

అసలు కొనుగోలుదారు గెయిన్స్‌విల్ వైపు నుంచి వచ్చారు. అరవై దాటిన ఆవిడ, ఎండుగడ్డి వ్యాపారం, వాణిజ్య క్లాస్ ఏ లైసెన్సు ఉంది. ఫోనులో ఆవిడ ఇంజిన్ గురించి ఒక్క మాటా అడగలేదు. "కొండ దిగేటప్పుడు ఎలా ఆగుతుంది?" అన్నారు. నాకు అప్పుడే సగం తేలిపోయింది. "నేను వచ్చేదాకా ఇంజిన్ వేడి చేయకండి, చల్లగా ఉండగానే చూడాలి" అని కూడా చెప్పారు.

పొద్దున్నే తన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ బ్లాకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు, నిజంగా చల్లగా ఉందా అని. ఈ ఇంజిన్‌కు గ్లో ప్లగ్గులు ఉండవు, లోపలికి వెళ్లే గాలిని వేడి చేసే కడ్డీల హీటర్ ఉంటుంది. నా బండిలో దాన్ని ఒక బటన్‌కు కలిపాం. బటన్ నొక్కి పట్టుకుని, తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది, కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోయింది. అప్పుడాయన ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తలకిందులు చేసి ఆ కన్నం మీదే ఊరికే పెట్టాడు. పిస్టన్ రింగులు అరిగిపోతే కింద నుంచి వచ్చే గాలికి మూత ఎగిరి పడుతుంది. అది అక్కడే సన్నగా వణుకుతూ కూర్చుంది. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడి, ఏమీ అనకుండా మూత బిగించాడు.

తర్వాత బండి కిందికి దూరాడు. టార్చి వెలుగులో ఇంజిన్ మౌంట్లు ఛాసిస్‌కు బోల్టులతో ఉన్నాయా, వెల్డింగుతోనా అని వెతికాడు. అన్నీ బోల్టులే. వెనుక యాక్సిల్ ముక్కు దగ్గర సీలు కొద్దిగా చెమర్చిందని, ఎడమ వెనుక స్ప్రింగు బుష్ అరిగిందని చెప్పాడు. రెండూ నిజమే, రెండింటికీ ధర తగ్గిస్తానని అక్కడికక్కడే అన్నాను. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. వాణిజ్య వాహనాలకు మాత్రం ఉంది. కొనేవారు తనిఖీ కాగితం చూసి ధైర్యపడే రోజులు పోయాయి. సొంత మెకానిక్‌ను తెచ్చుకున్న ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

పరీక్షకు ఆవిడ తన గూస్‌నెక్ ట్రైలర్‌నే, గడ్డి చుట్టలు ఎక్కించుకుని వేరే బండితో తెచ్చారు. కొనేవారు నడిపినా బీమా వర్తిస్తుందని ఏజెంటును ముందే అడిగి తేల్చుకున్నాను. లైసెన్సు ఫోటో తీసుకున్నాను. ముందుగా మళ్లీ తూకం. ట్రైలర్ 15,000 పౌండ్లు. అందులో బండి మీద పడింది 3,300, అంటే 22 శాతం. బండి మొత్తం బరువు 11,900. చీటీలో ఉన్నదాని కంటే మూడు వేలకు పైగా తక్కువ. తూకపు చీటీ చూసి ఆవిడ "బాగుంది" అన్నారు. ఆ రోజు ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

ఇంటర్‌స్టేట్ 35 మీద ఉత్తరంగా ఎర్ర నది దాటి ఓక్లహోమాలోకి వెళ్లాం. ఆర్డ్‌మోర్ దాటాక ఆర్బకిల్ కొండలు వస్తాయి. మా వైపు చదును నేల, బరువుతో ఎక్కి దిగాలంటే అక్కడికి వెళ్లాల్సిందే. ఆవిడే నడిపారు. ఎక్కేటప్పుడు ఐదో గేరుకు దించి, 50 మైళ్ల దగ్గర, 2,500 ఆర్‌పీఎంలో కుడి వరుసలో నిదానంగా ఎక్కించారు. నా కళ్లు మీటరు మీదే ఉన్నాయి. ఎగ్జాస్ట్ వేడి 1,150 దగ్గర నిలబడింది, టర్బో ఒత్తిడి 28 పీఎస్‌ఐ. అద్దంలో చూస్తే పొగ లేదు. శిఖరం దాటగానే ఆవిడ పాదం తీసి ఎగ్జాస్ట్ బ్రేకు బటన్ నొక్కారు. క్యాబ్ అంతా బుసకొట్టినట్టు చప్పుడు. వెనుక గడ్డితో కలిపి ఏడున్నర టన్నుల ట్రైలర్ నెడుతున్నా బండి వేగం పెరగలేదు. దిగువ దాకా బ్రేకు పెడల్ మీద ఆవిడ కాలు పడలేదు. కింద విశాలమైన చోట ఆపి, దిగి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నారు, బ్రేకులు వేడెక్కాయా అని. వేడెక్కలేదు.

తిరుగు దారిలో బేరం. నేను అడిగింది 29,500 డాలర్లు. సీలు, బుష్ పనులు, టైర్లలో రెండు త్వరలో మార్చాల్సిన సంగతి లెక్కలోకి తీసుకుని ఆవిడ 27 వేలు అన్నారు. 27,500 దగ్గర కుదిరింది. నోటుపుస్తకం, వైరింగ్ కాగితాలు, నా దగ్గర మిగిలిన ఫిల్టర్లు, విడి బెల్టు అన్నీ అందులోకే. ఆవిడ ఇంకొకటి అడిగారు. బండి కట్టిన మెకానిక్ ఇంకా పని చేస్తున్నాడా, అవసరమైతే మాట్లాడవచ్చా అని. ఆయన్ను ముందే అడిగి, ఒప్పుకున్నాకే నంబరు ఇచ్చాను. ఇలాంటి బండి కొన్నవాళ్లకు ఆ నంబరు కొత్త టైర్ల కంటే విలువైనది.

డబ్బు విషయంలో నేను గట్టిగా ఉన్నాను. ఇద్దరం ఆవిడ బ్యాంకు శాఖకు వెళ్లాం. అక్కడి నుంచి నా ఖాతాకు నేరుగా బదిలీ చేయించారు. నా బ్యాంకుకు, వాళ్ల సొంత నంబరు వెతికి ఫోన్ చేసి, డబ్బు జమ అయిందని విన్నాకే టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, బయటికి తీశాను. బండి మీద అప్పు లేదు కాబట్టి టైటిల్ నా చేతిలోనే ఉంది. అప్పు ఉంటే ముందు అది తీర్చి, అప్పిచ్చినవారి విడుదల పత్రం తెచ్చుకోవాలి. చాలా అమ్మకాలు ఆగిపోయేది అక్కడే.

టైటిల్ వెనుక సంతకం, తేదీ, మైళ్లు. టైటిల్ కొనేవారి పేరుకు మార్చే 130-యూ దరఖాస్తు మీద ఇద్దరి సంతకాలు. అమ్మకపు పత్రంలో ఛాసిస్ విన్‌తో పాటు ఇంజిన్ నంబరు, ఏ బండి నుంచి వచ్చింది, ఏయే మార్పులు చేశాం అన్నది రాయించాను. ఉన్నది ఉన్నట్టుగా, ఎలాంటి వారంటీ లేకుండా అమ్ముతున్నానని, తలుపు చీటీలోని బరువు పరిమితిని కొనేవారికి తెలియజేశానని కూడా. ఈ చివరి వాక్యానికి ఆవిడ నవ్వుతూ సంతకం పెట్టారు. తర్వాత ఆవిడతోపాటే కౌంటీ పన్ను కార్యాలయానికి వెళ్లాను. టెక్సస్‌లో 6.25 శాతం అమ్మకం పన్ను కొనేవారే కట్టాలి. అమ్మినవారు వెంట వెళ్లడం తప్పనిసరి కాదు. కానీ వెళ్తే టైటిల్ మారడం మన కళ్లముందే జరుగుతుంది, రేపు ఆ బండి పేరు మీద వచ్చే టోల్ బిల్లులకు మనం జవాబు చెప్పాల్సిన పని ఉండదు. నంబరు ప్లేట్లు విప్పి నేను తెచ్చుకున్నాను. వాహనం చేతులు మారిందన్న సమాచారం, వీటీఆర్-346, ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో నింపాను. దానికి 30 రోజుల గడువుంది. అది నమోదైందని చూసుకున్నాకే బీమా రద్దు చేయించాను.

కొన్ని వారాలకు ఆవిడ మెకానిక్ ఫోన్ చేశాడు. ఎర్ర సిరాతో రాసిన బెల్టు నంబరు దుకాణంలో దొరకడం లేదని, దానికి బదులు ఏది పడుతుందని. అదే పొడవున్న బెల్టు వేరే రెండు కంపెనీలు చేస్తాయి, ఆ నంబర్లు నా ఫోనులో ఉన్నాయి, పంపాను. వాటిని పుస్తకంలో అదే పేజీలో రాసి పెట్టమన్నాను. రాశానని పేజీ ఫోటో పంపాడు. ఎర్ర సిరా కింద నీలం సిరాతో రెండు నంబర్లు.